నిద్ర రాక ఫోన్ పట్టుకున్నారా, ఫోన్ పట్టుకుని నిద్ర పోగొట్టుకున్నారా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 29 సంవత్సరాలు. మాది ఒంగోలు. ఐదేళ్ళుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, మారతహళ్ళిలోని ఒక పీజీలో మరొక అమ్మాయితో గది పంచుకుని ఉంటున్నాను. ఉదయం ఎనిమిదిన్నరకు కంపెనీ క్యాబ్ ఎక్కితే తిరిగి గదికి చేరేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. స్నానం, భోజనం ముగించుకుని, కింద దుకాణంలో ఒక కాఫీ తాగి వచ్చి, తొమ్మిది నుంచి పదిన్నర దాకా అమెరికా క్లయింటుతో కాల్‌లో కూర్చుంటాను. పదకొండుంబావుకు పడుకుంటాను. ఐదు నిమిషాలు చూసి పక్కన పెడదామని ఫోన్ తీస్తే ఒంటిగంటన్నర, రెండు అవుతుంది. మొదట వంటల వీడియోలు, చీరల రీల్స్. ఆ తరువాత ఎక్కడెక్కడి లేఆఫ్ వార్తలో, మా అక్క అమెరికాలో ఉంది కాబట్టి అక్కడి వీసాల గొడవలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ జబ్బుల కథలో వస్తాయి. చూస్తున్నంతసేపూ గుండె దడగానే ఉంటుంది, అయినా ఆపలేను. ఒకసారి నిద్రమత్తులో ఫోన్ జారి ముఖం మీద పడి పెదవి చిట్లింది. తుడుచుకుని మళ్ళీ చూశాను. ఉదయం ఆరున్నర నుంచి పది నిమిషాలకొకటి చొప్పున ఐదు అలారాలు పెట్టుకుంటాను. ఈ మధ్య మేనేజరు నుంచి చిన్న మెయిల్ వచ్చినా ఒళ్ళు ఝల్లుమంటోంది. నాన్నగారికి రెండేళ్ళ కిందట స్టెంట్ వేశారు, అందువల్ల ఫోన్ ఆపేసి పడుకునే ధైర్యం లేదు. మొన్న నా రూమ్మేటు వాళ్ళ అమ్మగారు వాడే అల్ప్రాజోలం మాత్రను సగం విరిచి ఇచ్చింది. ఆ ఒక్క రాత్రి హాయిగా నిద్రపోయాను. నాది ఫోన్ వ్యసనమా, ఆందోళన జబ్బా? ఆ మాత్ర వాడవచ్చా?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: ముందుగా మాత్ర సంగతి తేల్చేస్తానమ్మా, మిగిలిన విషయాలు ఒక వారం ఆగినా ఫరవాలేదు, ఇది ఆగకూడదు. ఒక రాత్రి సగం మాత్ర వేసుకున్నందుకు మీరు భయపడవలసిన పని లేదు, కానీ రెండోసారి తీసుకోకండి. ఆందోళన తగ్గించడానికి ఇచ్చే అల్ప్రాజోలం మన దేశంలో షెడ్యూల్ హెచ్1 కింద ఉన్న మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు దుకాణదారు వివరాలను విడిగా రిజిస్టరులో రాసుకోవాలి. ఇంత కట్టడి ఊరికే పెట్టలేదు. కొన్ని వారాలు రోజూ వాడితే శరీరం దానికి అలవాటు పడుతుంది, ఒక్కసారిగా మానేస్తే మొదట ఉన్న ఆందోళన, నిద్రలేమి అంతకంటే ఎక్కువై తిరిగి రావచ్చు, కొందరికి మూర్ఛలు కూడా రావచ్చు. ఎవరి మాత్ర వారికే రాసినది. రూమ్మేటుతో పచ్చడి సీసా పంచుకోండి, దీన్ని వద్దు.

ఇక వ్యసనమా అన్న ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన ఐసీడీ-11 అనే జబ్బుల వర్గీకరణలో ఆటల వ్యసనాన్ని, అంటే గేమింగును, రుగ్మతగా చేర్చారు. రీల్స్ చూడడం, వార్తలు వెతకడం వంటివాటికి అందులో అటువంటి పేరేదీ పెట్టలేదు. కాబట్టి వ్యసనమన్న ముద్ర మీకు మీరు వేసుకోవద్దు. ఆ మాట వేసుకోగానే మనిషికి సిగ్గు మొదలవుతుంది, ఆ సిగ్గు భరించలేక మళ్ళీ ఫోనే తీస్తాడు. నా దగ్గరకు వచ్చే వారిలో ఈ తిరకాసు తరచుగా చూస్తుంటాను.

మీ ఉత్తరంలో మీదంటూ ఉన్న సమయం ఎక్కడుందా అని వెతికాను. ఎనిమిదిన్నర నుంచి ఎనిమిది దాకా కంపెనీది, తొమ్మిది నుంచి పదిన్నర దాకా క్లయింటుది, మధ్యలో ఉన్న గంట స్నానానికీ భోజనానికీ సరి. ఎవరూ మిమ్మల్ని ఏమీ అడగని మొదటి క్షణం రాత్రి పదకొండుంబావుకు వస్తోంది. అటువంటి క్షణంలో కళ్ళు మూసుకుంటే, మరుక్షణం తెల్లవారి మళ్ళీ క్యాబ్ ఎక్కవలసి వస్తుంది; అందుకని మీరు రోజును ముగియనివ్వడం లేదు. నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో నిద్రను వాయిదా వేసే ఈ అలవాటుకు ఒక పేరు పెట్టి అధ్యయనం చేశారు. చైనాలో రోజంతా ఆఫీసుకే ధారపోసే ఉద్యోగులు దీనికి మరింత ఘాటైన పేరు పెట్టుకున్నారు. దాని భావం పగ తీర్చుకోవడానికి రాత్రి మేలుకోవడమని. మన భాషలో ఆ పేరు ఇంకా చక్కగా అతుకుతుంది: పగటి మీద పగ. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను. మీ నిద్రను ఫోన్ దొంగిలించడానికి ముందే మీ పగటిని ఎవరో దొంగిలించారు. ఆ సంగతి పట్టించుకోకుండా ఫోన్‌ను మాత్రమే తిడితే నాలుగు రోజుల తరువాత మళ్ళీ అదే రెండు గంటలు కొడుతుంది.

అయితే ఫోన్ కూడా అమాయకమైనదేమీ కాదు. ఒకప్పుడు వారపత్రికలో సీరియల్ చదువుతుంటే ‘ఇంకా ఉంది’ అన్న మాట వచ్చేది, దాంతో పత్రిక మూసి దీపం ఆర్పేవాళ్ళం. పేజీ చివర అన్నదే లేకుండా వేలితో తోసినకొద్దీ కొత్తది వచ్చే పద్ధతిని 2006లో ఆజా రాస్కిన్ అనే అమెరికా డిజైనరు రూపొందించాడు. తరువాతి కాలంలో అందుకు తానే బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. ఆగే చోటు లేకపోవడం ఒక ఎత్తు, తరువాత ఏది వస్తుందో తెలియకపోవడం మరొక ఎత్తు. మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ 1950ల్లో పావురాలతో చేసిన ప్రయోగాలలో, ముక్కుతో పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం కంటే, ఎప్పుడు దొరుకుతుందో తెలియని పావురమే అలుపెరగకుండా పొడుస్తూ ఉండేదని తేలింది. మీ పది రీల్స్‌లో తొమ్మిది పేలవంగానే ఉంటాయి, ఒకటి బాగుంటుంది. ఆ ఒకటి ఎన్నోదో తెలియదు, అందుకే వేలు ఆగదు.

వంటలూ చీరలూ అయ్యాక లేఆఫ్ వార్తలు ఎందుకు వస్తున్నాయో కూడా గమనించండి. ఆందోళన పడే మనసుకు కావలసినది వార్త కాదు, భరోసా. ‘నా ఉద్యోగం ఉంటుందా’ అన్న ప్రశ్నకు సమాధానం ఏ కంపెనీ వార్తలోనూ ఉండదు కాబట్టి, చదివిన ప్రతి వార్తా మరొక ప్రశ్నను పుట్టిస్తుంది. గోకినకొద్దీ దురద పెరిగినట్టే ఇదీ. పైగా మీరు దాన్ని రోజు మొత్తంలో అన్నిటికంటే అలసిపోయిన గంటలో చేస్తున్నారు. అమెరికాలో 2007లో జరిగిన ఒక ప్రయోగంలో, సుమారు 35 గంటలు నిద్ర లేకుండా ఉంచినవారికి మనసును కలతపెట్టే బొమ్మలు చూపించి మెదడును స్కాన్ చేస్తే, భయానికి స్పందించే అమిగ్డలా అనే భాగం నిద్రపోయినవారిలో కంటే దాదాపు 60 శాతం ఎక్కువగా స్పందించింది. మీరు అంతసేపు మేలుకోవడం లేదు, నిజమే. కానీ రాత్రికి ఐదు గంటలతో సరిపెట్టుకుంటూ నెలలు గడుపుతున్నారు. మేనేజరు మెయిల్‌కు ఒళ్ళు ఝల్లుమనడం మీ పిరికితనం కాదు, అది అరకొర నిద్ర తెచ్చిన ఉలికిపాటు. ఆందోళన వల్ల ఫోన్, ఫోన్ వల్ల నిద్రలేమి, నిద్రలేమి వల్ల మరింత ఆందోళన, ఇలా అది గానుగెద్దులా తిరుగుతోంది.

ఈ తిరుగుడును ఎక్కడ తెంచాలి? రాత్రి పదింటికి ఫోన్ పక్కన పెట్టేయమని అందరూ చెబుతారు. చెప్పడం సులువు. మనిషిలో పట్టుదల అన్నిటికంటే తక్కువగా ఉండే వేళలో అన్నిటికంటే కష్టమైన పని చేయమనడం అది. నేను ఉదయం నుంచి మొదలుపెట్టమంటాను. ఐదు అలారాలు తీసేసి, ఫోన్‌లో కాకుండా మేజా మీద పెట్టుకునే చిన్న అలారం గడియారం ఒకటి కొనుక్కుని, ఆరుముప్పావుకు ఒక్కసారే మోగేలా పెట్టుకోండి. రాత్రి ఎప్పుడు పడుకున్నా, శని ఆదివారాలైనా, లేచే వేళ అరగంటకు మించి మారకూడదు. పడుకునే వేళ మన చేతిలో ఉండదు, లేచే వేళ ఉంటుంది. జీవ గడియారం పట్టుకునేది కూడా దాన్నే. లేచిన అరగంటలో బయట వెలుతురులోకి వెళ్ళండి. మబ్బు పట్టిన బెంగళూరు ఉదయమైనా ఆరుబయట వెలుతురు వేల లక్సులలో (లక్స్ అంటే వెలుతురుకు కొలమానం) ఉంటుంది, మీ పీజీ గదిలో ట్యూబులైటుది వందల లక్సులు మాత్రమే. ఆ వీధి చివర దర్శిని (నిలబడి తినే చిన్న హోటలు) దాకా నడిచి, మీ కాఫీ అక్కడ తాగండి.

కాఫీ అంటే గుర్తొచ్చింది, రాత్రి తొమ్మిదింటి కాఫీ మానేయాలి. కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. మీరు రెండింటికి ఫోన్ పక్కన పెట్టే సమయానికి ఆ కప్పులో సగం ఇంకా మీ ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక కాఫీ, టీ వద్దు. కాల్‌కు ముందు గొంతు తడుపుకోవడానికి మజ్జిగో వేడినీళ్ళో చాలు.

తరువాత, మీ సమయం మీకు తిరిగి రావాలి. క్యాబ్‌లో వచ్చే దారిలో ఇరవై నిమిషాలు వార్తలకు కేటాయించండి. లేఆఫ్‌లైనా వీసాలైనా అక్కడే చదవండి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో ఆ ఇరవై నిమిషాలకు కొరత ఉండదు. వారంలో కనీసం రెండు రోజులు ఆ రాత్రి కాల్‌ను మరొకరు తీసుకునే వీలుందా అని అడగండి. అడగడానికి జంకుతారని తెలుసు, కానీ మీరు ఒక్కసారీ అడిగినట్టు ఉత్తరంలో లేదు. కాల్ పదిన్నరకు ముగిశాక నేరుగా మంచం ఎక్కకుండా, ఒక నోటుపుస్తకంలో రేపు చేయవలసిన పనులు ఐదు నిమిషాలు రాయండి. టెక్సస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది యువతీయువకులతో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, రేపటి పనులు రాసుకున్నవారు అయిపోయిన పనులు రాసినవారి కంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందుగా నిద్రపోయారు. తొమ్మిది నిమిషాలు గొప్ప కాకపోవచ్చు, కానీ మెదడు మోయవలసినది కాగితం మోస్తుంది. ఆ తరువాత గంటసేపు మీకు ఇష్టమైనది ఏదైనా, పడుకుని కాకుండా కూర్చుని చేయండి. ఆ గంటలో వంటల వీడియో చూసినా నేను కాదనను. మంచం మీద మాత్రం వద్దు.

మంచం విషయంలో కాస్త కఠినంగా ఉండాలి. 1972లో రిచర్డ్ బూట్‌జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ నిద్రలేమి చికిత్సకు పునాదిగా ఉంది. నిద్ర ముంచుకు వచ్చినప్పుడే మంచం ఎక్కాలి, మంచం నిద్రకే తప్ప మరొక పనికి వాడకూడదు, ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే (గడియారం చూడకుండా, అంచనాగానే) లేచి వేరే చోట కూర్చోవాలి. పీజీ గదిలో వేరే చోటెక్కడిది అంటారేమో. ఒక ప్లాస్టిక్ కుర్చీ చాలు, రూమ్మేటు నిద్ర చెడకుండా దాన్ని వరండాలో వేసుకోండి. మొదటి రెండు వారాలు పదకొండుంబావుకు కాక, పన్నెండుంబావుకే పడుకోండి. నిద్ర కావాలంటే ఆలస్యంగా పడుకోమంటాడేమిటి అనుకోవద్దు. పన్నెండుంబావు నుంచి ఆరుముప్పావు దాకా ఆరున్నర గంటలు, ఇప్పుడు మీకు దక్కుతున్నదాని కంటే ఎక్కువే. పడుకోగానే నిద్ర పట్టడం మొదలయ్యాక, వారానికి పావుగంట చొప్పున ముందుకు జరుపుకుంటూ ఏడు గంటలు దాటించండి.

నాన్నగారి సంగతి న్యాయమైనది, దాన్ని తోసిపుచ్చను. ఫోన్ ఆపవద్దు. డు నాట్ డిస్టర్బ్ పెట్టి, అమ్మ నంబరు, నాన్న నంబరు, ఒంగోలులో దగ్గరి బంధువు ఒకరి నంబరు మాత్రం మోగేలా అమర్చుకోండి. రింగు గట్టిగా పెట్టి ఫోన్‌ను తలుపు పక్కన అల్మరా మీద ఛార్జింగుకు ఉంచండి. ఒక రోజు అమ్మ చేత చేయించి చూసుకోండి, మోగుతుందన్న నమ్మకం కుదిరితే దాన్ని దిండు కింద పెట్టుకోవలసిన అవసరం పోతుంది.

మొదటి వారం బాగుండదు, ముందే చెబుతున్నాను. 2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ రెండో దశలో, ఆక్సిజన్ పడకల కోసం వచ్చే సందేశాలు చూడడానికి నేను ఫోన్ గుండెల మీద పెట్టుకుని పడుకునేవాణ్ణి. అప్పుడది అవసరం. కోవిడ్ తగ్గింది, సందేశాలు ఆగాయి, నేను మాత్రం ఇంకో ఏడాది దాకా ఒంటిగంటకు లేచి ఏమీ లేని తెరను చూస్తూనే ఉన్నాను. చివరికి ఛార్జరును వీధి గుమ్మం దగ్గర చెప్పుల అర మీదకు మార్చాను. మొదటి నాలుగు రాత్రులు చెయ్యి దానంతటదే దిండు కింద తడుముకునేది. ఐదో రాత్రికో ఆరో రాత్రికో ఆ తడుములాట ఆగింది.

ఇంత చేసినా వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలల పాటు నిద్ర పట్టకపోతే అది దీర్ఘకాలిక నిద్రలేమి, దానికి చికిత్స ఉంది. సీబీటీ-ఐ అనే మాటల చికిత్సను మందులకంటే ముందు ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే సూచించింది. గుండె దడతో పాటు బరువు తగ్గడం, చేతులు వణకడం, వేడి తట్టుకోలేకపోవడం ఉంటే ఈలోపే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. మీరున్న ఊరిలోనే, హోసూరు రోడ్డులోని నిమ్‌హాన్స్ మానసిక ఆరోగ్య సంస్థ 2014లో ఫోన్, ఇంటర్నెట్ అతివాడకం కోసమే షట్ క్లినిక్ అనే ప్రత్యేక సేవను ప్రారంభించింది. నడిరాత్రి మరీ బెంగగా ఉంటే 14416కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవ అది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ ఒక్క పనికి మాత్రం అర్ధరాత్రి ఫోన్ తీయడానికి నా అభ్యంతరం లేదు.

ప్రశ్న: రాత్రిపూట ఫోన్ చూస్తే నీలికాంతి వల్ల నిద్ర చెడుతుందని చదివి, నైట్ మోడ్ పెట్టుకున్నాను, నీలికాంతిని ఆపే కళ్ళద్దాలు కూడా చేయించుకున్నాను. ఇక పన్నెండు దాకా చూసినా ఫరవాలేదు కదా?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: ఫరవా ఉందండీ. కంటి తెరలో చూపుతో నిమిత్తం లేకుండా వెలుతురును మాత్రమే పసిగట్టి మెదడులోని జీవ గడియారానికి కబురు పంపే కణాలు ఉన్నాయనీ, అవి నీలికాంతికి ఎక్కువగా స్పందిస్తాయనీ 2002లో నిర్ధారణ అయిన మాట నిజం. బోస్టన్‌లో చేసి 2014 చివర ప్రచురించిన ప్రయోగంలో, పడుకునే ముందు నాలుగు గంటలు వెలుగునిచ్చే తెర మీద పుస్తకం చదివినవారికి మెలటోనిన్, అంటే రాత్రయిందని శరీరానికి తెలిపే హార్మోను, సగానికి పైగా తగ్గింది. కానీ ఆ ప్రయోగంలోనే వారికి నిద్ర పట్టడంలో జరిగిన ఆలస్యం ఎంతో తెలుసా? సుమారు పది నిమిషాలు. అదీ మసక గదిలో, తెర వెలుగును పూర్తిగా పెంచి, నాలుగు గంటలు చదివితే. మీ నిద్ర గంటన్నర ఆలస్యమవుతుంటే దాన్ని ఒక్క కాంతి మీదే వేయడం కుదరదు. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రచురించిన అధ్యయనంలో నైట్ మోడ్ పెట్టుకున్నవారికీ పెట్టుకోనివారికీ నిద్రలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తెర పసుపు రంగులోకి మారినంత మాత్రాన అందులోని తగాదా చల్లబడదు కదా. కళ్ళద్దాలు ఎలాగూ చేయించారు కాబట్టి పారేయమని చెప్పను, పెట్టుకుని పగలు పుస్తకం చదువుకోండి.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. వయసు 66. మదనపల్లె నుంచి వచ్చి ఏడాదిన్నరగా జె.పి. నగర్‌లో కొడుకు, కోడలి దగ్గర ఉంటున్నాము. రాత్రి తొమ్మిదిన్నరకే పడుకుంటాను, మూడు గంటలకు మెలకువ వచ్చేస్తుంది. చేసేదేమీ లేక వాట్సాప్ తెరుస్తాను. పాత విద్యార్థుల గ్రూపు, బంధువుల గ్రూపు, వాటిలో గుండెపోటు లక్షణాలనీ కిడ్నీ పాడైన సూచనలనీ వచ్చే వీడియోలు అన్నీ చూస్తాను. చూస్తుంటే ఎడమ భుజం లాగుతున్నట్టే ఉంటుంది. నా ఫోన్ వెలుతురుకు మా ఆవిడ అటు తిరిగి దుప్పటి ముసుగు వేసుకుంటుంది. ‘నాన్నా, ఆ ఫోన్ మాకివ్వండి’ అని మావాడు కోప్పడుతున్నాడు. మధ్యాహ్నం భోజనం చేశాక ఎలాగూ రెండు గంటలు కునుకు తీస్తాను కాబట్టి ఇబ్బంది లేదనుకోండి. అయినా మూడింటికే ఈ మెలకువ ఏమిటి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జె.పి. నగర్

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీకు లెక్కల మాస్టారు పని అప్పగిస్తున్నాను. తొమ్మిదిన్నర నుంచి మూడు దాకా ఐదున్నర గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు, వెరసి ఏడున్నర. ఈ వయసుకు అది చాలినంత నిద్ర. మీ నిద్ర ఎక్కడికీ పోలేదు, రెండు ముక్కలై కూర్చుంది. మధ్యాహ్నం కునుకును మూడు కొట్టేలోపే ముగిసేలా, ఇరవై నిమిషాలకు పరిమితం చేసి, రాత్రి పదకొండుకు పడుకుంటే, మెలకువ ఐదుకు జరుగుతుంది. తొమ్మిదిన్నరకే ఎందుకు పడుకుంటున్నారో మీరు రాయలేదు కానీ నాకు తోచింది చెబుతాను: పిల్లలిద్దరూ ఆఫీసు నుంచి అలసి వచ్చి ఎవరి గదిలోకి వారు వెళ్ళాక, తెలిసిన మనుషులు లేని ఊళ్ళో మీకు మేలుకుని ఉండడానికి కారణం కనబడడం లేదు. ‘ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్న సామెతను మీరు ఎందరు పిల్లల చేత వల్లె వేయించారో! ఇక్కడ నిద్రకు సుఖమంతా అమర్చి ఉంది, అలసటే లేదు.

కాబట్టి పగటిని కాస్త బరువెక్కించండి. ఉదయం, సాయంత్రం నడక సరే. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది. జె.పి. నగర్ నుంచి గ్రీన్ లైన్ మెట్రోలో సంపిగె రోడ్డు స్టేషన్ దాకా వెళ్ళి ఆటో ఎక్కితే చేరుకోవచ్చు. సాహిత్యం మాట్లాడుకునేవారు దొరికితే మీరు తొమ్మిదిన్నరకు పడుకోరని నా నమ్మకం.

మూడింటికి మెలకువ వస్తే గడియారం చూడకండి. వయసు మీద పడినకొద్దీ గాఢనిద్ర తగ్గి, నడుమ మెలకువలు రావడం సహజం. మెలకువ రావడం ఇబ్బంది కాదు, వచ్చాక ఏం చేస్తున్నారన్నదే ఇబ్బంది. ఆ చీకట్లో, నిశ్శబ్దంలో, గుండెపోటు లక్షణాలు వింటూ ఒంటిని పరిశీలించుకుంటే ఎవరికైనా ఎక్కడో ఒకచోట లాగుతుంది; పాతికేళ్ళవాడికైనా అంతే. ఫోన్ హాల్లో పెట్టి, మంచం పక్కన మీకు కంఠతా వచ్చిన పద్యాల పుస్తకం ఒకటి ఉంచుకోండి. తెలిసిన పద్యమే కావాలి, కొత్త కథ వద్దు. తరువాత ఏమవుతుందో అన్న ఆత్రం కలిగించనిదే ఆ వేళకు మందు. నిద్ర రాకపోతే హాల్లో కుర్చీలో కూర్చుని చిన్న దీపం దగ్గర చదువుకోండి. మీ శ్రీమతి గారి దుప్పటి ముసుగు కూడా తప్పుతుంది. మీవాడి కోపాన్ని పట్టించుకోకండి, కానీ ఆరోగ్యం వీడియోలు పంపే గ్రూపులను మ్యూట్‌లో పెట్టడం ఎలాగో వాడి చేతనే నేర్పించుకోండి.

మూడు విషయాలు మాత్రం డాక్టరు ముందు పెట్టాలి. ఎడమ భుజం నొప్పి మెట్లెక్కినప్పుడో వేగంగా నడిచినప్పుడో కూడా వస్తుంటే అది వీడియో తెచ్చిన భయం కాకపోవచ్చు, ఆలస్యం చేయకుండా ఈసీజీ తీయించుకోండి. రాత్రి మూత్రానికి ఎన్నిసార్లు లేస్తున్నారో కూడా చెప్పండి, దాన్ని బట్టి చక్కెర, ప్రోస్టేట్ పరీక్షలు చేయించవలసి రావచ్చు. ఇంకొకటి గురక. గురక మధ్యలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, మళ్ళీ ఎగశ్వాసతో మొదలవుతుంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు, దానివల్ల కూడా నిద్ర తెగి మెలకువ వస్తుంది. మీకు గురక ఉందో లేదో మీకు తెలిసే అవకాశం లేదు మాస్టారూ, మీ శ్రీమతి గారిని అడగండి.